‘నాటు నాటు’ నచ్చకపోతే ద్రోహమా?

ఓ మాట చెబుతాను, తిట్టుకుంటే తిట్టుకోండి. 2023లో ఆస్కార్ గెల్చిన ‘నాటు నాటు’ నాకు నచ్చలేదు. కీరవాణి అంటే నాకు ఇప్పటికీ 1997 నాటి ‘అన్నమయ్యే’. సింగపూర్‌లో మనవాళ్ళ మధ్య ఈ మాటంటే చాలు, తెలుగుద్రోహి ముద్ర! పాటలైనా వీడియో గేములైనా ఎవరి రుచి వారిది. దానికీ భాషాభిమానానికీ లంకె ఏమిటి?

అభిమానం చూపాల్సింది బడి దగ్గర. ఇక్కడ భారతీయ పిల్లలు మాతృభాషగా తమిళమే కాక హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ కూడా తీసుకోవచ్చు. ఆ జాబితాలో తెలుగు లేదు. మన పిల్లలు పరాయి భాషలో ‘మాతృభాష’ పరీక్ష రాస్తుంటే మనలో ఎంతమందిమి నోరు మెదిపాం? పాట నచ్చలేదన్నవాడి మీద చూపే ఆవేశంలో సగం విద్యాశాఖకి రాసే అర్జీలో చూపండి. మొదటి సంతకం నాది.