ఏడు జిల్లాలకు ఒక్క ఇంజన్ విమానం

రాయచూరులో విమానాశ్రయం మాట వస్తే మొదట వినిపించే ప్రశ్న ‘ఎప్పుడు?’ అన్నదే. యరమరస్ దగ్గర కట్టాలన్న ప్రతిపాదన ఏళ్ల తరబడి నలుగుతోంది కాబట్టి ఆ ప్రశ్నలో తప్పు లేదు. కానీ అంతకంటే ముందు తేల్చుకోవలసింది ఇంకొకటుంది. అక్కడ దిగవలసిన మొదటి విమానం ఏది? డెబ్బై మందిని ఎక్కించుకునే ఏటీఆర్ అని చాలామంది అనుకుంటారు. తొమ్మిది మంది పట్టే, ముక్కు మీద ఒకే ప్రొపెల్లర్ ఉన్న టర్బోప్రాప్ అయితే ఈ జిల్లాకు ఎక్కువ మేలు. అలాంటిది ఒకటి రోగుల కోసం ఈ ప్రాంతానికి సొంతంగానూ ఉండాలి.

సొంత విమానం అనగానే సంపన్నుల సరదా కళ్లముందు మెదులుతుంది. ఫ్రాన్స్‌లోని టార్బ్‌లో తయారయ్యే టీబీఎం విషయంలో అది కొంత నిజం కూడా. ఆరుగురు కూర్చునే ఆ విమానం గంటకు 610 కిలోమీటర్ల వేగంతో, 31 వేల అడుగుల ఎత్తున పోతుంది. అమెరికాలో దాన్ని కొన్నవాళ్లలో చాలామంది తామే నడుపుకుంటారు. దాని మీద వాళ్లకుండే ప్రేమ మన రైతుకు ఒంగోలు గిత్త మీద ఉండే ప్రేమ లాంటిది: చూసి మురుస్తారు, నిమురుతారు, దాని సత్తువ గురించి ఎంతసేపైనా చెబుతారు.

స్విట్జర్లాండ్‌కు చెందిన పిలాటస్ పీసీ-12 వేరే జాతి. 1991లో తొలిసారి ఎగిరిన ఈ విమానం వేగంలో టీబీఎం కంటే కాస్త వెనకే, గంటకు సుమారు 537 కిలోమీటర్లు. బరువు మోయడంలో మాత్రం దానికి ఎదురులేదు. వెనక భాగంలో వెడల్పాటి సరుకు తలుపు ఉంటుంది. అందులోంచి స్ట్రెచర్ అడ్డం తిప్పకుండా లోపలికి పోతుంది. మట్టి రన్‌వే మీద కూడా దిగగలదు. సముద్రమట్టంలో, మామూలు వాతావరణంలో నిండు బరువుతో 800 మీటర్ల లోపే నేల వదిలి యాభై అడుగుల అడ్డంకిని దాటేస్తుంది.

ఈ రెండింటికీ గుండెకాయ ఒకటే కుటుంబానికి చెందినది: కెనడాలో పుట్టిన పీటీ6 ఇంజన్. 1960లో మొదట తిరిగింది, 1963లో ధ్రువీకరణ పొందింది, ఇప్పటికి యాభై వేలకు పైగా తయారయ్యాయి. దీని పనితనం ఇంట్లో చూసి తెలుసుకోవచ్చు. రెండు టేబుల్ ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టి ఒకదాని స్విచ్ మాత్రమే వేస్తే, ఆ గాలికి రెండోది కూడా తిరగడం మొదలుపెడుతుంది. పీటీ6లో మంట పుట్టించే భాగానికీ ప్రొపెల్లర్‌ను తిప్పే భాగానికీ ఉన్న సంబంధం సరిగ్గా అదే. మధ్యలో ఇరుసు లేదు, వేడి గాలి ఉరవడే. గాలి ఇంజన్ వెనక వైపు నుంచి లోపలికి వెళ్లి ముందుకు నడుస్తుంది. అందుకే పొగగొట్టాలు ప్రొపెల్లర్ పక్కనే మీసాల్లా కనిపిస్తాయి. ముందుకూ వెనక్కూ కొట్టుకునే పిస్టన్లు లేవు, అంతా తిరుగుడే. అరుగుదల తగ్గేది అందుకే.

అయినా ఒక్క ఇంజన్ అంటే జనానికి గుబులు ఉంటుంది. ఉండాలి కూడా. తెలుగు నేల మీద ఆ గుబులుకు చరిత్ర ఉంది. దుండిగల్‌లోని వైమానిక దళ అకాడమీలో ఒకప్పుడు శిక్షణ ఇచ్చిన హెచ్‌పీటీ-32 పిస్టన్ విమానాలు 17 ప్రమాదాల్లో 19 మంది పైలట్లను బలిగొన్నాయి. 2009 జులైలో మెదక్ జిల్లాలో ఇద్దరు వింగ్ కమాండర్లు చనిపోయాక వాటిని నేల మీదే నిలిపేశారు. వాటి స్థానంలో 2013లో పీటీ6 ఇంజన్ ఉన్న పిలాటస్ పీసీ-7 వచ్చింది. అప్పటి నుంచి మన యుద్ధ విమాన పైలట్లు ఓనమాలు దిద్దుకుంటున్నది ఒక్క ఇంజన్ టర్బోప్రాప్ మీదే. 2023 డిసెంబరులో తూప్రాన్ దగ్గర ఒక పీసీ-7 కూలి ఇద్దరు పైలట్లు ప్రాణాలు కోల్పోయారు. ఏ యంత్రమూ మనిషికి పూర్తి హామీ ఇవ్వదు.

ఇంకా దగ్గరి ఉదాహరణ 2011 మే నెలలోది. పట్నా నుంచి రోగిని ఢిల్లీకి తెస్తున్న పీసీ-12 ఒకటి ఫరీదాబాద్‌లో ఇళ్ల మీద కూలింది. విమానంలోని ఏడుగురు, నేల మీద ముగ్గురు చనిపోయారు. విచారణ ఇంజన్ వైపు వేలు చూపలేదు. చెడు వాతావరణం, విమానం అదుపు తప్పడం, చీకట్లో మబ్బుల్లో పైలట్లకు పైకిందులు తెలియకపోవడం వంటివి కారణాలుగా చర్చకు వచ్చాయి. కాబట్టి రాయచూరుకు ఇలాంటి విమానం కోరేవాళ్లు ఇంజన్ల సంఖ్య కంటే పైలట్ల గురించి ఎక్కువ పట్టుపట్టాలి. రాత్రిపూట, మబ్బుల్లో నడపడంలో ఆరితేరినవాళ్లు కావాలి. ‘ఈ రాత్రి వెళ్లలేం’ అని చెప్పే స్వేచ్ఛ వాళ్లకు ఉండాలి, రోగి బంధువులు ఎంత ఏడ్చినా సరే. యూరప్ 2017లో ఒక్క ఇంజన్ టర్బోప్రాప్‌లకు రాత్రిపూట, మబ్బుల్లో ప్రయాణికులను తీసుకెళ్లే అనుమతి ఇచ్చింది. ఇంజన్‌ను నిరంతరం గమనించాలి, పైలట్లకు ప్రత్యేక శిక్షణ ఉండాలి అన్న షరతులతోనే ఇచ్చింది.

ఇంజన్ ఆగితే ఏమవుతుంది? 30 వేల అడుగుల ఎత్తులో ఉన్న పీసీ-12 ఎదురుగాలి లేకుంటే వంద కిలోమీటర్లకు పైగా జారుకుంటూ పోగలదు. అంటే రాయచూరు మీద అంత ఎత్తున ఇంజన్ నిలిచిపోయినా ఓర్వకల్లులోని కర్నూలు విమానాశ్రయం దాని అందుబాటులోనే ఉంటుంది.

ఇప్పుడు నేల మీదికి వద్దాం. తుంగభద్ర ఎడమ కాలువ కింద సింధనూరు, మాన్వి తాలూకాల్లో కోస్తా జిల్లాల నుంచి వచ్చిన రైతులు కట్టుకున్న క్యాంపులు ఉన్నాయి. లింగసుగూరు తాలూకాలో హట్టి బంగారు గనులు, శక్తినగర్‌లో థర్మల్ కేంద్రం. వరి కోత యంత్రంలో చెయ్యి పడ్డా, గనిలో బండ కూలినా, గుండె పట్టేసినా, జిల్లాలోని ఆసుపత్రులు చేయగలిగింది చేశాక మిగిలేది హైదరాబాద్ లేదా బెంగళూరు. హైదరాబాద్‌కు రోడ్డు మీద రెండు వందల కిలోమీటర్ల పైమాటే. బెంగళూరుకు నాలుగు వందలు దాటుతుంది, రాత్రంతా ప్రయాణం. గాలిలో కొలిస్తే హైదరాబాద్ సుమారు 180 కిలోమీటర్లు, బెంగళూరు 360. పీసీ-12కు మొదటిది అరగంట, రెండోది ముప్పావు గంటకు కాస్త అటూఇటూ. ఎయిమ్స్ కోసం రాయచూరు జనం ఏళ్లుగా ధర్నాలో కూర్చున్నది ఈ దూరం బాధ తెలిసే. ఆ డిమాండ్ న్యాయమైనది. ఎయిమ్స్ వచ్చేదాకా రోగులు ఆగలేరు.

ఆస్ట్రేలియా ఈ లెక్కను 1928లోనే వేసింది. క్వీన్స్‌లాండ్‌లోని క్లాంకరీ అనే మారుమూల ఊరి నుంచి ఒక్క ఇంజన్ విమానంలో డాక్టర్ బయల్దేరడంతో రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్ మొదలైంది. లాభం చూసుకోని ఆ సంస్థ ప్రభుత్వ నిధులతో, జనం ఇచ్చే విరాళాలతో నడుస్తూ నేటికీ పీసీ-12లను వాడుతోంది. పశువుల మేత భూముల మధ్య మట్టి దారుల మీద దిగుతుంది.

మనకూ అలాంటి యజమాని సిద్ధంగా ఉన్నాడు. రాజ్యాంగంలోని 371(జె) అధికరణ కింద ఏర్పడిన కల్యాణ కర్ణాటక ప్రాంతీయ అభివృద్ధి మండలికి బీదర్ నుంచి విజయనగర దాకా ఏడు జిల్లాలు. ఏటా బడ్జెట్‌లో దానికి వేల కోట్లు కేటాయిస్తారు. పీసీ-12 ధర, వైద్య పరికరాలు కలపకుండానే, 50 కోట్లు దాటుతుంది. కొనడం సులువైన భాగమే. పైలట్లు, నర్సులు, ఇంధనం, మరమ్మతులు, హ్యాంగర్, ఇవి ఏటా తప్పని ఖర్చు. దానికి విడిగా నిధి కట్టకపోతే రెండో ఏడాదికే విమానం షెడ్డులో దుమ్ము పట్టి కూర్చుంటుంది. అంబులెన్సులు కొని డ్రైవర్లను పెట్టని ఊళ్లను మనం చూడలేదా?

ప్రయాణికుల సంగతి కూడా చిన్నగానే మొదలుకావాలి. హైదరాబాద్ సంస్థ ట్రూజెట్ 2017లో ఉడాన్ పథకం కింద తోరణగల్లుకు ఏటీఆర్-72 నడిపింది. 2022లో ఆ సంస్థ విమానాలే ఆగిపోయాయి. చిన్న ఊరి నుంచి రోజూ డెబ్బై సీట్లు నింపడం మాటలు కాదు. అదే ఏడాది అక్టోబరులో ఇండియావన్ ఎయిర్ తొమ్మిది సీట్ల సెస్నా క్యారవాన్‌తో భువనేశ్వర్ నుంచి కొరాపుట్ జిల్లా జయపురానికి రాకపోకలు మొదలుపెట్టింది. తర్వాత విశాఖకూ నడిపింది. అదీ ఒక్క ఇంజనే, అదీ పీటీ6 కుటుంబమే. సింధనూరు బియ్యం వ్యాపారికైనా, ట్రిపుల్ ఐటీ అధ్యాపకుడికైనా ఆ తొమ్మిది సీట్లలో ఒకటి చాలు.

ఈ తరహా విమానం మన చేతికి కొత్త కాదు. బెంగళూరులో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్) రూపొందించిన హెచ్‌టీటీ-40 శిక్షణ విమానం కూడా ఒక్క ఇంజన్ టర్బోప్రాప్. 2016 మే 31న తొలిసారి ఎగిరింది. 2023లో వైమానిక దళం 70 విమానాలకు ఒప్పందం చేసుకుంది. దుండిగల్‌లో పీసీ-7ను బాగుచేసిన చేతులు, బెంగళూరులో హెచ్‌టీటీ-40ను బిగించిన చేతులు రాయచూరుకు రెండు పక్కలా ఉన్నాయి.

యరమరస్‌లో రన్‌వే గీసే ఇంజనీర్లకు ఒక మనవి. పుస్తకంలో రాసిన 800 మీటర్లు చల్లటి సముద్రతీరం లెక్క. రాయచూరు సముద్రమట్టానికి సుమారు 400 మీటర్ల ఎత్తులో ఉంది, మే నెలలో ఎండ 42 డిగ్రీలు దాటుతుంది. గాలి పలచబడితే రెక్కకు పట్టు తగ్గుతుంది, పరుగు పెరుగుతుంది. అందుకని మొదటి విడతలో కనీసం 1,200 మీటర్లు వేయాలి. దాని పక్కనే ఆ మొదటి విడతలోనే రాత్రి దీపాలు కూడా పెట్టాలి. గుండెనొప్పి పగలు చూసుకుని రాదు.