తీతువు పిట్ట

పిల్లలూ! మీరు చెరువుగట్టు వెంట నడుస్తూంటే, ఉన్నట్టుండి "టిట్టిట్టీ! టిట్టిట్టీ!" అని గోల చేస్తూ ఒక పిట్ట మీ తలచుట్టూ తిరిగిందా? అదే తీతువు. రాత్రిపూట అది కూస్తే ఎవరికో చావు మూడిందని పెద్దవాళ్లు కొందరు భయపడతారు. నిజానికి ఆ పిట్టకే మనమంటే భయం. ఎందుకో చెబుతాను, వినండి.

తీతువు సుమారు 13 అంగుళాల పొడవుంటుంది. తల, మెడ, రొమ్ము నలుపు. వీపు గోధుమవన్నె. పొట్ట తెలుపు. కంటి వెనకనుంచి మెడ పక్కగా తెల్లని చార దిగుతుంది. ముక్కు ఎరుపు, దాని కొన నలుపు. కంటి ముందు ఎర్రని కండ ఒకటి ఉంటుంది. పసుపుపచ్చని కాళ్లు మాత్రం బాగా పొడుగు. వెనకవేలు మరీ చిన్నది కావటంచేత అది కొమ్మను పట్టుకుని కూర్చోలేదు. అందుకే దాని కాపురమంతా నేలమీదనే.

చెరువుల అంచులు, దున్నిన పొలాలు, బీళ్లు దాని తావులు. నాలుగడుగులు పరుగెత్తి ఆగుతుంది, చటుక్కున వంగి పురుగునో నత్తనో ముక్కున కరుచుకుంటుంది. రాత్రిళ్లు కూడా మేస్తుంది. అప్పుడు నక్కో, కుక్కో, మనిషో కనబడితే కూయక ఏం చేస్తుంది?

మార్చి మొదలు ఆగస్టు దాకా అది గుడ్లు పెట్టే కాలం. గూడంటే నేలమీద చిన్న గుంట, చుట్టూ కాసిని గులకరాళ్లు, అంతే! అందులో సాధారణంగా నాలుగు గుడ్లుంటాయి. మట్టిరంగు మీద నల్లని మచ్చలుండటంచేత, పక్కనే నిలబడినా అవి మన కంటికి ఆనవు. ఎండ మండిపోయేటప్పుడు తల్లీ తండ్రీ నీటిలో పొట్ట తడుపుకుని వచ్చి గుడ్లను చల్లబరుస్తాయి. పిల్లలు పుట్టిన కొద్దిసేపటికే నడుస్తాయి. తల్లి కేక వినగానే కదలకుండా నేలకు కరుచుకుపోతాయి.

తన గుడ్లను తీసుకుపోయిన సముద్రంతోనే తగవుకు దిగిన టిట్టిభం కథ పంచతంత్రంలో ఉన్నది. టిట్టిభమంటే ఈ తీతువే!

ఇకమీదట తీతువు మీ తలమీద తిరుగుతూ అరిస్తే, అక్కడే ఆగి ముందు మీ కాళ్లకింద చూసుకోండి. తరవాత వచ్చిన దారినే మెల్లగా వెనక్కు వెళ్లండి. దాని గుడ్లు అక్కడే ఎక్కడో ఉన్నాయి. రాత్రి ఆ కూత విని అమ్మమ్మ ఉలిక్కిపడితే, ఈ సంగతి ఆవిడకు కూడా చెప్పండి.