మోటారు వైండింగ్ షాపు పక్కనే ఉండగా ఇండక్టర్‌కి ఆన్‌లైన్ ఆర్డర్ ఎందుకు?

చార్జర్ రివ్యూ ఏది చూసినా వాట్లు, పోర్టులు, గాన్... ఇవే మాటలు. ఆ 65 వాట్ల ఇటుక అంత చిన్నగా ఎలా అయిందో మాత్రం ఎవరూ చెప్పరు. స్విచింగ్ స్పీడు పెరిగితే లోపలి కాయిల్, ట్రాన్స్‌ఫార్మర్ చిన్నవైనా సరిపోతాయి. గాన్ చేసే మేలులో పెద్ద భాగం అదే. ప్రాసెసర్ ఎన్ని నానోమీటర్లో నిద్రలో లేపి అడిగినా చెప్తాం, కానీ చేత్తో ఒక్క ఇండక్టర్ చుట్టిన వాళ్లు మన బ్యాచ్‌లో ఎంతమంది?

సూటిగా చెప్తా. కర్నూలు, కడప వైపు హాబీ ఎలక్ట్రానిక్స్ చేసేవాళ్లకు ఇండక్టర్ కోసం ఆన్‌లైన్‌కి పోవాల్సిన పని చాలావరకు లేదు. మన సీమలో వానలు తక్కువ, బోర్లు ఎక్కువ. లో వోల్టేజీ, ఒక ఫేజు పోవడం, నీళ్లు లేకుండా మోటారు ఉత్తినే తిరగడం... కాలిపోయే మోటార్లకు కొదవ లేదు. అందుకే డోన్, ఆదోని, ప్రొద్దుటూరు, పులివెందుల, ఎక్కడికెళ్లినా మోటారు వైండింగ్ షాపులు ఉంటాయి. మనం పరీక్ష కోసం బట్టీపట్టిన చుట్లు, గేజీ, ఇన్సులేషన్ అంతా ఆ షాపాయనకు వేళ్ల మీద ఉంటుంది. ఆయన్ని దాటుకుని పోయి, ఫైనలియర్ ప్రాజెక్టును రెడీమేడ్‌గా కొని తెచ్చుకునే వాళ్లం మనం!

"వంద రూపాయల లోపే ఎల్‌ఎం2596 మాడ్యూల్ వస్తుంటే ఈ తిప్పలు ఎందుకు బ్రో?" అంటారు. దాన్నే చూద్దాం. కరెంటు పోయినప్పుడు 12 వోల్టుల బ్యాటరీ నుంచి ఫోనుకు 5 వోల్టులు, 2 ఆంపియర్లు కావాలి. ఈ చిప్ 150 కిలోహెర్ట్జ్‌లో నడవాలని డేటాషీట్ చెప్తుంది. రిపిల్ కరెంటు 2 ఆంపియర్లలో 30 శాతం, అంటే 0.6 ఆంపియర్ పెట్టుకుందాం. స్విచ్ ఆఫ్‌లో ఉండే భాగం 1 − 5/12, అంటే 0.58. దాన్ని 5తో గుణించి, 1,50,000తోనూ 0.6తోనూ భాగిస్తే దాదాపు 32 మైక్రోహెన్రీ. 33 అనుకోండి. లెక్క ఇంతే, ఇంటర్ మ్యాథ్స్ కూడా అక్కర్లేదు.

అయితే మార్కెట్లో ఈ చిప్‌కి కాపీలు చాలా ఉన్నాయి. వాటిల్లో కొన్ని 50 కిలోహెర్ట్జ్ దగ్గరే నడుస్తున్నాయని స్కోపు పెట్టి చూసినవాళ్లు చూపించారు. ఫ్రీక్వెన్సీ మూడో వంతైతే, అదే కాయిల్‌లో రిపిల్ మూడింతలు. మాడ్యూల్ మీద "3 ఆంపియర్లు" అని రాసి ఉన్నా కాయిల్ పొయ్యిమీది పెనంలా కాలితే ఆశ్చర్యపోవద్దు. రెడీమేడ్ కాయిల్‌తో మీరేం చేయలేరు. చుట్టడం వస్తే చుట్లు పెంచుకుంటారు.

కోర్ కోసం పాడైన కంప్యూటర్ పవర్ సప్లై చాలు. అందులో పసుపు రంగు, ఒక వైపు తెలుపు ఉండే లావు రింగు ఉంటుంది, అది ఐరన్ పౌడర్ కోర్. (విప్పే ముందు పెద్ద కెపాసిటర్లు డిశ్చార్జ్ అయ్యాయో లేదో మీటరుతో చూసుకోండి, షాక్ మామూలుగా ఉండదు.) పాత వైరు తీసేసి 10 చుట్లు చుట్టి, ఎల్‌సీఆర్ మీటర్‌తో కొలవండి. 9 మైక్రోహెన్రీ వచ్చిందనుకుందాం. ఇండక్టెన్స్ చుట్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 19 చుట్లకు 32 దాటుతుంది. చిప్ 50 దగ్గర నడిచే కాపీ అయితే 33 చుట్లు వేయండి.

అసలు మజా ఇక్కడే ఉంది. అదే పవర్ సప్లైలో మెయిన్స్ వైరు వచ్చే చోట ఫిల్టర్ ఉంటుంది, దాని ఫెరైట్ రింగు మీద నాలుగు చుట్లకే 32 మైక్రోహెన్రీ చూపించవచ్చు. ఎంత ఈజీ అనిపిస్తుంది కదా! కానీ మీటరు కొలిచేది మిల్లీఆంపియర్లతో. రింగు మందం 50 చదరపు మిల్లీమీటర్లనుకుంటే, 2.3 ఆంపియర్ల పీక్ దగ్గర అందులో ఫ్లక్స్ 0.37 టెస్లా దాకా పోతుంది. వేడెక్కిన ఫెరైట్ అక్కడికి రాకముందే చేతులెత్తేస్తుంది. దాన్నే సాచురేషన్ అంటారు. ఆ క్షణం నుంచి అది ఇండక్టర్ కాదు, మామూలు వైరు ముక్క. మన పసుపు రింగులో 19 చుట్లతో ఫ్లక్స్ అందులో ఐదారో వంతే. ఈ తేడా కొన్న మాడ్యూల్ ఎప్పటికీ నేర్పదు. ఓరియంటేషన్‌లో "కోర్ బ్రాంచ్" అని గొప్పగా చెప్పే కాలేజీలు ల్యాబులో ఈ ఒక్క ప్రయోగం పెడితే బాగుండు.

ఇక వైరు. షాపులో "ఏం గేజీ కావాలప్పా?" అని అడిగితే 20 గేజీ అనండి, 0.9 మిల్లీమీటర్ల మందం, 2 ఆంపియర్లకు హాయిగా సరిపోతుంది. వైరు తూకం మీద అమ్ముతారు, మీకు కావాల్సింది మీటరున్నర కూడా ఉండదు. ఫ్యానుకో మోనోబ్లాక్‌కో వాడే ఎనామెల్ వైరే అడగండి. నీళ్లలో మునిగే సబ్‌మెర్సిబుల్ వైరుకు ప్లాస్టిక్ తొడుగు మందం, రింగులో చోటు చాలదు. కొసల్లో ఎనామెల్ బ్లేడుతో గీకకపోతే సోల్డర్ అంటదు.

అన్నీ ఇంట్లో చుట్టమని కాదు. 230 వోల్టుల వైపు ఉండే చార్జర్ ట్రాన్స్‌ఫార్మర్ జోలికి మాత్రం పోవద్దు, ఇన్సులేషన్ తప్పితే ఫోను పట్టుకున్న మనిషికే ప్రమాదం. వైర్‌లెస్ చార్జింగ్ కాయిల్‌కి సన్న పోగులు పేనిన లిట్జ్ వైరు కావాలి, అది వైండింగ్ షాపులో దొరికేది కాదు, అక్కడ కొనుక్కోండి. 12 వోల్టుల పనులకు మాత్రం చుట్టేయండి. చుట్టాక 2 ఆంపియర్ల లోడ్ పెట్టి అరగంట వదిలేయండి. వేలు పెట్టి ఐదు సెకన్లు ఉంచగలిగితే బోర్డులో బిగించుకోండి, లేకపోతే ఇంకొంచెం పెద్ద రింగు వెతకండి.