టేపు సరే, రిస్టోరు ఎవరు చేస్తారు?

బ్యాకప్పులు డిస్కుల మీంచి టేపులకి మారుద్దాం అనే మాట మా ఆఫీసులో మళ్ళీ మొదలైంది. కుర్రాళ్ళు నవ్వారు, ఏ కాలంలో ఉన్నాం సార్ అని. నవ్వక్కర్లేదు. 2011 ఫిబ్రవరిలో ఒక సాఫ్ట్‌వేర్ బగ్గు వల్ల జీమెయిల్‌లో 0.02 శాతం మందికి ఇన్‌బాక్సులు ఖాళీ అయిపోతే, గూగుల్ వాళ్ళు ఆ మెయిళ్ళు వెనక్కి తెచ్చింది టేపుల్లోంచే. ఆన్‌లైన్లో ఎన్ని కాపీలున్నా బగ్గు అన్నిటినీ ఒకేసారి పట్టుకుంటుంది. రాన్సమ్‌వేర్ ఇంకా ఘోరం, నెట్‌వర్కులో కనబడే బ్యాకప్ డిస్కునీ వదలదు. బీరువాలో పడున్న టేపు దానికి దొరకదు.

కాబట్టి టేపుకే నా ఓటు. నా గొడవల్లా రిస్టోరు గురించి.

ఎల్టీఓ-9 టేపు ఒక్కోటి 18 టీబీ పడుతుంది, సెకనుకి 400 ఎంబీ దాకా రాస్తుంది. బ్రహ్మాండం. మరి "నిన్న డిలీటైన ఒక్క ఎక్సెల్ ఫైలు కావాలండీ" అని ఎకౌంట్స్ నుంచి ఫోనొస్తే? టేపు వెతకాలి, ఎక్కించాలి, అది తిరిగి తిరిగి అక్కడిదాకా వెళ్ళాలి. అందుకే ఓ నెల రోజులవి డిస్కు మీద కూడా ఉంచాలి. పైగా డేటా ఆగుతూ ఆగుతూ అందితే టేపు ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది (షూ షైనింగ్ అంటారు). స్పీడూ పోతుంది, టేపూ అరుగుతుంది. మధ్యలో డిస్కుంటే ఆ బాధ తగ్గుతుంది.

అసలు తిరకాసు డీడూప్‌తో. డిస్కు మీద ముక్కలుగా దాచినదాన్ని అలాగే టేపుకెక్కిస్తే చోటు కలిసొస్తుంది, నిజమే. కానీ ఒక్క డేటాబేసు కావాలన్నా ముక్కలు ఏడెనిమిది టేపుల్లో ఉండొచ్చు. ఏ ముక్క ఎక్కడుందో చెప్పే చిట్టా బ్యాకప్ సర్వర్లో ఉంటుంది. పోయింది ఆ సర్వరే అయితే? అందుకని విప్పి, పూర్తి ఫైళ్ళుగా రాయాలి. ఇంక్రిమెంటల్ గొలుసులు టేపు మీద వద్దు, వారానికో ఫుల్ చాలు. సాదా టార్‌లో గానీ, ఎల్టీఎఫ్‌ఎస్‌లో గానీ రాస్తే (2010లో ఎల్టీఓ-5తో వచ్చింది, టేపు మామూలు ఫోల్డర్లా కనబడుతుంది) రేపు బ్యాకప్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు అయిపోయినా చదువుకోవచ్చు. టేపులెక్కువవుతాయి కదా అంటారు మా మేనేజరు గారు. అవుతాయి. కొనుక్కుందాం!

అన్నట్టు, డ్రైవుల సంగతి. ఎల్టీఓ-7 దాకా డ్రైవులు రెండు తరాల వెనకటి టేపులు చదివేవి. 8, 9 అయితే ఒక్క తరమే. కొత్తది వచ్చింది కదా అని పాత డ్రైవు స్క్రాపుకి వేస్తే పాత టేపులు పేపర్ వెయిట్లే. ఎన్‌క్రిప్షన్ కీ కూడా ఆ బ్యాకప్ సర్వర్లోనే దాచే మహానుభావులు వేరే ఉన్నారు.

నేనడిగింది ఒక్కటే. మూణ్ణెల్లకోసారి, స్క్రిప్టు రాసినవాడు కాకుండా నైట్ షిఫ్టులో కొత్తగా చేరిన కుర్రాడు, ఒక పేజీ కాగితం చూసి ఖాళీ మిషను మీద రిస్టోరు చెయ్యాలి. మధ్యలో ఎవరికీ ఫోన్ చెయ్యకూడదు. లైబ్రరీ కొనడానికి బడ్జెట్ వచ్చేసింది గానీ, దీనికి మాత్రం ప్రాజెక్ట్ ప్లానులో ఇంకా చోటు దొరకలేదు. సోమవారం మీటింగులో మళ్ళీ అడుగుతా.