మోటారుకు పగటి కరెంటు, బొగ్గుకు పగ్గం

బొగ్గు కరెంటు ఆపేయాలని కొందరు, ఆపితే దేశం చీకటవుతుందని మరికొందరు వాదులాడుకుంటున్నారు. బోరు మోటారు సంగతి మాత్రం ఇద్దరికీ పట్టడం లేదు.

దేశంలో తయారయ్యే కరెంటులో సుమారు 70 శాతం ఇప్పటికీ బొగ్గుదే. మన మడి తడుస్తున్నదీ దానితోనే. కాబట్టి రేపటికి రేపు ఆపేయమని మనం అనలేం. సింగరేణి మీద బతికే కుటుంబాలను మరిచిపోయి అసలే అనలేం. కానీ ఆ పొగ వాతావరణాన్ని వేడెక్కిస్తోందన్నదీ నిజమే. దాని దెబ్బ ముందు తగిలేది మనకే. అదునుకు వాన రాదు, కోతకొచ్చిన వరి మీద కురుస్తుంది.

2021లో గ్లాస్గో సదస్సులో బొగ్గును 'ఎత్తివేయడం' కాదు, 'తగ్గించడం' అనాలని మన ప్రభుత్వం పట్టుబట్టింది. 2070 నాటికి నికర ఉద్గారాలను సున్నాకు తెస్తామంది. మనలాంటి దేశానికి గడువు కావాలనడంలో న్యాయముంది. ఆ గడువును ఏం చేస్తున్నారన్నదే మన ప్రశ్న. శుభ్రమైన ఇంధనం కోసమని 2010లో టన్ను బొగ్గుపై 50 రూపాయల సెస్సు వేశారు, 2016కల్లా దాన్ని 400 చేశారు. జీఎస్టీ వచ్చాక ఆ సొమ్ము రాష్ట్రాల పరిహారానికి మళ్లింది. థర్మల్ ప్లాంట్ల గంధకపు పొగకు 2015లో హద్దులు పెట్టారు. గడువులు పొడిగిస్తూ వచ్చి, 2025 జులైలో ఎక్కువ ప్లాంట్లకు ఆ పొగను కడిగే యంత్రాలే అక్కర్లేదన్నారు. కొత్త ప్లాంటంటే ఊళ్లు ఎందుకు భయపడతాయో తెలియాలంటే సోంపేటను గుర్తు చేసుకోవాలి. బీల భూముల్లో థర్మల్ వద్దన్నందుకు 2010 జులై 14న అక్కడ కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి.

బొగ్గును తగ్గించడం సేద్యం నుంచే మొదలుపెట్టవచ్చు. ఇళ్లకు రాత్రి కరెంటు కావాలి, మోటారుకు అక్కర్లేదు. ఎండ ఉన్నప్పుడే నీళ్లు పెట్టుకోవచ్చు. అర్ధరాత్రి మోటారు వేయడానికి పోయి పాము కాటుకో షాకుకో బలైన రైతు లేని మండలం ఉందా? సబ్‌స్టేషన్ పక్కనే సోలార్ ప్లాంటు పెట్టి వ్యవసాయ ఫీడర్‌కు పగలే కరెంటిస్తే రైతు ప్రాణమూ దక్కుతుంది, ప్రభుత్వ సబ్సిడీ భారమూ తగ్గుతుంది.

2019 నాటి కుసుమ్ పథకంలో ఈ ఏర్పాటుకు చోటుంది. రైతు తన భూమిలోనే రెండు మెగావాట్ల వరకు ప్లాంటు పెట్టి డిస్కమ్‌కు అమ్ముకోవచ్చు. అయితే మెగావాట్‌కు నాలుగైదు ఎకరాలు, కోట్ల పెట్టుబడి కావాలి. రెండెకరాల రైతు ఎక్కడ తెస్తాడు? చివరికి ప్లాంటు పెట్టుబడిదారుది, రైతుకు మిగిలేది లీజు. అందుకే సహకార సంఘాలకు బ్యాంకు రుణం గ్యారంటీ చేయాలి. లీజు ఏటా పెరగాలి, పట్టా రైతు పేరనే ఉండాలి, ఆ భూమి కౌలుకు చేస్తున్నవారికి పరిహారం ఇవ్వాలి. పంట పండే భూముల జోలికి పోకూడదు. పగటి కరెంటు పేరుతో మోటార్లకు బిల్లు వేస్తామంటే ఒప్పుకోం.

గ్రామ కమిటీలు ఈ నెల తమ ఫీడర్‌కు పగలు ఎన్ని గంటలు, రాత్రి ఎన్ని గంటలు కరెంటు వస్తోందో రోజూ రాసిపెట్టి జిల్లా కార్యాలయానికి పంపాలి. ఆ కాగితాలతోనే డిస్కమ్ అధికారుల్ని కలుద్దాం.