ఏటొడ్డు కబుర్లు: ఇసుక ఎక్కడ పోస్తారు?

మా చిన్న మావయ్యతో ఫోన్ మాట్లాడితే మా అపార్ట్‌మెంట్‌లో పైవాళ్ళకీ కిందవాళ్ళకీ కూడా మా ఇంటి విషయాలన్నీ తెలిసిపోతాయి. ఆయనకి కుడిచెవి అసలు వినపడదు, ఎడమచెవి సగం. నేను అరుస్తాను. నాకూ వినపడదేమో అన్నట్టు ఆయనా అరుస్తాడు. రాజమండ్రి దగ్గర ఇరవై ఏళ్ళ పైచిలుకు గోదాట్లో మునిగి ఇసుక తీసిన మనిషి. "చెవులు అడుగునే ఉండిపోయాయిరా" అంటాడు నవ్వుతూ.

ఈ వారం ఇంకేదో రాద్దామనుకున్నాను. మొన్న ఆయన ఫోన్ చేసి, "ఒరేయ్ అల్లుడూ, మీ చేట పడవ సంగతి చెప్తే ఇక్కడ రేవులో ఎవడూ నమ్మట్లేదురా. తెలుగులో రాసి పంపు, చదివి వినిపిస్తా" అన్నాడు. నాకు టైపింగ్ ఎవరూ నేర్పలేదు. తెలుగు కీబోర్డు మీద రెండు వేళ్ళతో నా అంతట నేను నేర్చుకున్నదే. ఇన్నాళ్ళకి దానికో అసలైన పని దొరికింది. కాబట్టి ఈసారి మావయ్య కోరికే నా కాలమ్.

నేనుండే సెయింట్ లూయిస్ మిసిసిపీ ఒడ్డున ఉంది. 2022 అక్టోబర్‌లో ఆ నది చిక్కిపోయింది. దిగువన మెంఫిస్ దగ్గర కొలబద్ద మీద నీటిమట్టం సున్నాకి కింద దాదాపు 11 అడుగులకి దిగింది. నది ఎండిపోయిందని కాదు, ఆ సున్నా అనేది ఎప్పుడో పెట్టుకున్న గుర్తు. కానీ అప్పటిదాకా అక్కడ అంత తక్కువ ఎన్నడూ నమోదు కాలేదు. మా ఊరికి రెండు గంటల ప్రయాణం దూరంలో, నదిలో టవర్ రాక్ అని ఒక రాతి దిబ్బ ఉంది. మామూలు రోజుల్లో పడవ మీద తప్ప వెళ్ళలేం. ఆ నెల జనం నడుచుకుంటూ వెళ్ళారు. మేమూ ఒక ఆదివారం పొద్దున్నే పిల్లల్ని వేసుకుని బయల్దేరాం.

దారిలో ఒకచోట ఒడ్డున ఆగితే ఏటి మధ్యలో ఓ పాత ఓడ కనిపించింది. వెనక నుంచి నీళ్ళ మీద తేలే గొట్టం కొన్ని వందల అడుగుల దూరం సాగి ఉంది. దాని చివర నుంచి బూడిదరంగు నీళ్ళు గుబగుబా పడుతున్నాయి. పేరు చూస్తే పాటర్ అని ఉంది. ఇక్కడ పెద్ద నదుల్లో పడవల దారి చూసేది సైన్యానికి చెందిన ఇంజినీర్ల విభాగం. ఈ ఓడ వాళ్ళది. 1932లో కట్టారు. మొదట్లో ఆవిరితో నడిచేది, తర్వాత డీజిల్‌కి మార్చారు. మా తాతయ్య పుట్టకముందు నుంచీ ఇదే నదిలో ఇదే పని చేస్తోందన్నమాట.

అప్పుడు టైము తొమ్మిదిన్నర, రాజమండ్రిలో రాత్రి ఎనిమిది. వెంటనే మావయ్యకి వీడియో కాల్ చేశాను. ఏటి గురించి ఏం చూసినా ఆయనకి చూపించడం నాకు అలవాటు.

"అదేంట్రా, ఏం పట్టే పడవ?"

"ఇసుక తీసేది మావయ్యా!"

అంతే, లేచి కూర్చున్నాడు. ఎలా తీస్తుందో చెప్పమన్నాడు. నేను ఆరోజు అరిచి చెప్పింది, తర్వాత చదివి తెలుసుకున్నది, రెండూ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఈ రకం యంత్రాన్ని డస్ట్‌పాన్ డ్రెడ్జర్ అంటారు. అంటే మనం చీపురుతో ఊడ్చాక చెత్త ఎత్తే చేట. ఓడ ముందుభాగంలో ముప్పై అడుగులకు పైగా వెడల్పున్న ఇనప చేట ఉంటుంది. దాన్ని నది అడుగుకి దించుతారు. చేట అంచు పొడవునా నాజిళ్ళుంటాయి. వాటిలోంచి నీళ్ళు జోరుగా కొట్టి, పేరుకుపోయిన ఇసుకని కదిలిస్తాయి. కదిలిన ఇసుకని నీళ్ళతో సహా పంపు పైకి లాగి వెనక గొట్టంలోకి తోస్తుంది. తవ్వేటప్పుడు ఓడ తన ఇంజన్ మీద ముందుకు పోదు. ఎగువన లంగర్లు వేసి, వాటి ఇనప తాళ్ళని చుట్టుకుంటూ ఏటికి ఎదురుగా మెల్లగా పాకుతుంది. ఒక చాలు అయ్యాక వెనక్కి జారి పక్క చాలు మొదలుపెడుతుంది. దుక్కి దున్నినట్టే ఉంటుంది చూడ్డానికి.

ఈ చేట వదులు ఇసుకకే పనికొస్తుంది. గట్టి మట్టి ఉన్నచోట మూతికి తిరిగే పళ్ళ చక్రం ఉన్న కట్టర్ డ్రెడ్జర్ కావాలి. రేవుల్లో అయితే అడుగున గొట్టం ఈడ్చుకుంటూ పోయి, మట్టిని తన కడుపులోనే నింపుకుని, దూరంగా తీసుకెళ్ళి వదిలే హాపర్ డ్రెడ్జర్లు వాడతారు. విశాఖపట్నం వాళ్ళకి ఇవి కొత్త కాదు. 1976లో మొదలైన డ్రెడ్జింగ్ కార్పొరేషన్ కేంద్ర కార్యాలయం అక్కడే ఉంది.

మావయ్య అంతా విని మొదటి ప్రశ్న వేశాడు. "సరే, తీసింది ఎక్కడ పోస్తున్నారు?"

"అదిగో, ఆ గొట్టం చివర. పక్కనే. ఏట్లోనే!"

ఆయనకి వినపడలేదేమోననుకుని ఇంకోసారి అరిచాను. వినపడింది. నమ్మకం కుదరలేదంతే. "ఏట్లోంచి తీసి ఏట్లోనే పోస్తారా? అమ్ముకోరా? లారీలేవిరా?" అని ఫోన్లో ఒడ్డంతా చూపించమన్నాడు. ఒక్క లారీ కూడా లేదు.

ఆయన ఆశ్చర్యంలో న్యాయముంది. ఈ ఓడ ఇసుక కోసం పనిచెయ్యదు, దారి కోసం పనిచేస్తుంది. మిసిసిపీలో సరుకు పడవల కోసం 9 అడుగుల లోతు, మా ఊరికి దిగువన 300 అడుగుల వెడల్పుతో ఒక దారిని ఏడాది పొడవునా తెరిచి ఉంచాలన్నది నియమం. నది ఎంత విశాలంగా ఉన్నా ఆ సన్నటి దారి మూసుకుపోతే బార్జి కదలదు. ఒక్కో బార్జిలో 1500 టన్నుల సరుకు పడుతుంది. అది దాదాపు 15 రైలు వ్యాగన్లకో, 60 లారీలకో సమానం. అలాంటివి పాతికా ముప్ఫై కలిపి కట్టి ఒకే టగ్గు తోసుకుపోతుంది. అక్టోబర్ అంటే సోయాచిక్కుడు, మొక్కజొన్న కోతల కాలం. ఆ నెల బార్జిలు ఇసుకలో కూరుకుపోయి వరసగా ఆగిపోయాయి. లోతు తగ్గినకొద్దీ సరుకు తక్కువ నింపాలి, కిరాయేమో ఆకాశానికి పోయింది. పంట చేతికొచ్చిన రైతు ఒడ్డున నిలబడి నీళ్ళ వంక చూడ్డం మనకి తెలియని దృశ్యం కాదు కదా.

ఇసుక ఎక్కడ పడితే అక్కడ మేట వెయ్యదు. వరదలో నది మలుపుల దగ్గర మడుగులు తవ్వుకుని, ఒక మలుపు నుంచి ఇంకో మలుపుకి దాటేచోట ఇసుక వదిలేస్తుంది. నీరు తీసినప్పుడు ఆ దాటులే గట్టెక్కుతాయి. సెయింట్ లూయిస్‌కి ఎగువన ఆనకట్టలున్నాయి కాబట్టి నీళ్ళు మెట్లు మెట్లుగా నిలబడతాయి. దిగువన ఒక్క ఆనకట్ట కూడా లేదు. అక్కడ లోతు నిలబెట్టేవి రెండే. ఒకటి ఈ డ్రెడ్జర్. రెండోది ఒడ్డు నుంచి ఏట్లోకి పొడుచుకొచ్చే రాతికట్టలు. ఆ కట్టలు ప్రవాహాన్ని ఇరుకు చేసి నది చేతనే దాని అడుగుని తవ్విస్తాయి. 1837లో ఈ ఊరి రేవు ఇసుకతో పూడిపోతుంటే సైన్యం ఒక యువ ఇంజినీరుని పంపింది. అతను అవతలి ఒడ్డు నుంచి కట్ట వేయించి ప్రవాహాన్ని ఇటు మళ్ళించాడు. నదే ఇసుకని తోసేసి రేవుకి లోతు తెచ్చింది. అతని పేరు రాబర్ట్ లీ, తర్వాత అంతర్యుద్ధంలో దక్షిణాది సేనాపతి.

ఇక్కడ మావయ్య ప్రశ్న దగ్గరికి మళ్ళీ వస్తాను. ఇసుక తియ్యడం యంత్రానికి సులువే. ఎక్కడ పోస్తామన్నదే పెద్ద ప్రశ్న. ఇదే మిసిసిపీ సముద్రంలో కలిసేచోట లూసియానా డెల్టా ఒండ్రు అందక కుంగిపోతోంది, అక్కడ డ్రెడ్జర్లు తీసిన మట్టితో మళ్ళీ చిత్తడి నేలలు కడుతున్నారు. విశాఖలో రేవు దగ్గర చేరిన ఇసుకని తీసి, కోతకి గురయ్యే ఆర్కే బీచ్‌కి పంపు చేస్తారు. లేకపోతే సముద్రం రోడ్డు దాకా వస్తుంది. శ్రీశైలం జలాశయం మొదట్లో 308 టీఎంసీలు పట్టేది, పూడిక పేరుకుని తర్వాతి కొలతల్లో 215కి పడిపోయింది. అక్కడ ఆగిపోయిన మట్టి కృష్ణా డెల్టాకి రావలసినది. ఒకచోట ఎక్కువైంది ఇంకోచోట తక్కువైనదే.

మన దగ్గర పూడికతీత అన్న మాటకి రెండు అర్థాలు. ఏటికి దారి ఇవ్వడం ఒకటి, ఇసుక అమ్ముకోవడం ఇంకోటి. ధవళేశ్వరం ఆనకట్టకి ఎగువన చేరిన ఇసుక తీస్తే జలాశయానికి మంచిదే, ఇళ్ళు కట్టుకునేవాళ్ళకీ మంచిదే. కానీ మొదటి పనికి ఎక్కడ తియ్యాలో ఏరు చెప్తుంది. రెండో పనికి లారీ చెప్తుంది. లారీ చెప్పినచోట పంపులు పెట్టి తోడితే గోతులు పడతాయి. వంతెన స్తంభాల కింద ఇసుక జారుతుంది, గట్లు విరిగి లంక పొలాలు ఏట్లో కలుస్తాయి. ఈ మాట నేను కాదు, మావయ్యే ఎప్పుడూ అంటాడు. "మేం బక్కెట్టుతో తీస్తే ఏరు మళ్ళీ నింపుకునేది. మిషను తీస్తే దానికి ఊపిరాడదు."

ఆయన రెండో ప్రశ్న: "మళ్ళేడు మళ్ళీ ఇక్కడే మేట వేస్తదా?"

వేస్తుందన్నాను. తొంభై ఏళ్ళ నుంచీ వేస్తూనే ఉందన్నాను. అసలు నది అడుగు ఎప్పుడూ ప్రవహిస్తూనే ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దంలో మునిగిపోయిన ఓడల సరుకు వెలికితీసే జేమ్స్ ఈడ్స్ అనే ఆయన డైవింగ్ బెల్‌లో మిసిసిపీ అడుగున నడిచి, అక్కడి ఇసుక కాళ్ళ కింద ఎలా కదులుతుందో ఒంటితో తెలుసుకున్నాడు. ఆయనే తర్వాత మా ఊళ్ళో వంతెన కట్టాడు, స్తంభాలని ఇసుక మీద నిలపకుండా కింద రాయి దాకా దించాడు.

మళ్ళీ పూడిపోయేదానికి ఇంత ఖర్చెందుకని ఒకప్పుడు నాకూ అనిపించేది. నా ఉద్యోగం ప్రొడక్షన్ సపోర్ట్. సర్వర్లలో లాగ్‌లు పేరుకుంటాయి, తీసేస్తాం, మళ్ళీ పేరుకుంటాయి. కొత్తలో దీనికి శాశ్వత పరిష్కారం కనిపెడతానని మూడు నెలలు కూర్చున్నాను. కనిపెట్టలేదు. సిస్టం నడుస్తున్నంతకాలం లాగ్‌లు వస్తాయి, రాకపోతే అది నడవట్లేదని అర్థం. ఏరూ అంతే. ఇసుక మోసుకురాని ఏరు చచ్చిపోయిన ఏరు.

నేను ఇదంతా వివరించబోయాను. మావయ్య వినిపించుకోలేదు. "మళ్ళీ వేస్తదంటే మళ్ళీ పని ఉంటది. మంచిదే కదరా" అన్నాడు.

ఆపైన కాసేపు మాట్లాడలేదు. ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను. తెర మీద ఆయన మొహం దగ్గరగా ఉంది, కళ్ళు చిట్లించి ఆ ఓడనే చూస్తున్నాడు. తర్వాత మూడో ప్రశ్న అడిగాడు.

"మరి మునిగేది ఎవరు?"

రాజమండ్రి రేవుల్లో ఇసుక పడవ ఎలా నిండుతుందో చూడనివాళ్ళ కోసం చెప్తాను. పడవ పక్కన అడుగు దాకా గెడ పాతుతారు. మనిషి ఊపిరి బిగబట్టి, ఇనప బక్కెట్టు పట్టుకుని, గెడ వెంట కిందకి దిగుతాడు. చీకట్లో చేతులతో తడుముకుని ఇసుక నింపుతాడు. తాడు లాగితే పైవాళ్ళు బక్కెట్టు చేదుతారు. అతను పైకొచ్చి ఊపిరి పీల్చుకుని మళ్ళీ మునుగుతాడు. పడవ నిండేదాకా అంతే. లోతు పెరిగినకొద్దీ నీటి బరువు చెవుల మీద పడుతుంది. మావయ్యకి మొదట చీము కారింది, తర్వాత హోరు వచ్చింది, ఆ తర్వాత హోరు కూడా పోయింది. నేను ఇంజినీరింగ్‌లో చేరిన ఏడు మా అమ్మ చేతిలో ఆయన పెట్టిన డబ్బు ఆ బక్కెట్లలోంచే వచ్చింది. ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ పైకి అనరు.

"ఎవరూ మునగరు మావయ్యా! మనుషులు పైనే ఉంటారు! మొత్తం మిషనే!"

ఈడ్స్ వంతెన పునాదుల కోసం నది అడుగున గాలి బిగించిన గదుల్లో పనిచేసి, పైకొచ్చాక పదిమందికి పైగా కూలీలు చచ్చిపోయారు. ఆ వంతెన 1874లో తెరిచారు, దాని మీంచి ఎన్నోసార్లు వెళ్ళాను. ఈ ఏరూ ఒకప్పుడు మనుషుల్ని అడిగిందే. ఇప్పుడు అడగట్లేదు. ఆ మాట కూడా చెప్దామనుకున్నాను కానీ, అది అరిచి చెప్పే మాట కాదనిపించింది.

మావయ్య తల ఊపాడు. "ఎవరూ మునగకపోతే మంచి పడవే" అన్నాడు. తర్వాత, "పిల్లలు నీళ్ళ దగ్గరికెళ్తున్నారు చూడు, వెనక్కి పిలు" అని అరిచాడు. నిజమే, మావాడు ఒడ్డు దిగిపోతున్నాడు. నేను గమనించలేదు, ఆయన అక్కడి నుంచి చూశాడు.

ఇదీ మావయ్యా, చేట పడవ సంగతి. నువ్వు చెప్పింది నిజమేనని రేవులో వాళ్ళకి చదివి వినిపించు. లారీలు లేవన్న మాట దగ్గర నమ్మకపోతే నాకు ఫోన్ చెయ్యమను. గట్టిగానే చెప్తాను.