ముహూర్తం ముందు, బిగింపు వెనక

2020 అక్టోబరు 16న నాగర్‌కర్నూల్ జిల్లా ఎల్లూరులో కల్వకుర్తి ఎత్తిపోతల తొలి పంపుహౌస్ నీట మునిగింది. 30 మెగావాట్ల మోటార్లు ఐదు అందులో ఉన్నాయి. 2022 జులైలో గోదావరి పోటెత్తినప్పుడు కాళేశ్వరం పథకంలోని కన్నెపల్లి, అన్నారం పంపుహౌస్‌లు మునిగాయి. కన్నెపల్లిలో రక్షణ గోడ కూలి పంపుల మీదే పడింది. 2024 సెప్టెంబరు మొదటి వారంలో పాలమూరు-రంగారెడ్డి పథకంలోని వట్టెం వంతు వచ్చింది. అప్పటికి అక్కడ యంత్రాల బిగింపు ఇంకా సాగుతూనే ఉంది. భారీ వర్షాలకు వచ్చిన వరద సొరంగంలోకి చొరబడి పంపుహౌస్‌ను నింపేసింది. నాలుగేళ్లు తిరగకముందే నాలుగు పంపుహౌస్‌లు.

ప్రతిసారీ పార్టీల మధ్య మాటల యుద్ధం నడిచింది. నీళ్లు తోడారు, మోటార్లు విప్పి ఆరబెట్టారు. పనిస్థలంలో యంత్రాల బాగోగులు చూడాల్సిన ఇంజనీరు మాటకు అసలు ఎంత విలువ ఉందన్న ప్రశ్న మాత్రం ఎవరూ గట్టిగా అడగలేదు. అడగాల్సిన ప్రశ్న అదే.

ఎత్తిపోతల పథకానికి ప్రాణం పంపు, మోటారు. పనుల వరుసలో మాత్రం అవి చిట్టచివర ఉంటాయి. ముందు భూసేకరణ, తర్వాత తవ్వకం, తర్వాత కాంక్రీటు. వీటిలో ఏది ఆలస్యమైనా ప్రారంభోత్సవం తేదీ వెనక్కి జరగదు. ఆ జాప్యమంతా చివర్లో ఉన్న బిగింపు పని మీద పడుతుంది. ఆరు నెలలు పట్టే పనిని మూడు నెలల్లో ముగించమంటారు. పైగా మన నదుల లెక్క వేరు. గోదావరిలో, కృష్ణలో ఎత్తిపోయడానికి నీళ్లుండేది జులై నుంచి అక్టోబరు దాకా. ఆ సీజను తప్పితే ఏడాది ఆగాలి. అందుకే ప్రతి ప్రభుత్వమూ వానాకాలానికి ముందే మోటారు తిప్పాలని తొందరపడుతుంది. తొందరలో న్యాయం లేకపోలేదు, ఎండిన పొలం ముందు నిలబడ్డ రైతుకు ఏడాది చిన్న గడువు కాదు. కానీ సరిగ్గా వరద వచ్చే వేళకే పంపుహౌస్ సగం బిగించిన యంత్రాలతో, మూయని కేబుల్ దారులతో, తాత్కాలిక కరెంటుతో ఉంటుంది. అత్యంత ప్రమాదకరమైన దశ అదే.

ఈ యంత్రాలు ఎంత పెద్దవో పత్రికల్లో చదివినవారికీ పూర్తిగా అందదు. కాళేశ్వరంలోని లక్ష్మీపూర్ భూగర్భ పంపుహౌస్‌లో ఏడు మోటార్లున్నాయి, ఒక్కోటి 139 మెగావాట్లు. ఏడూ కలిసి తిరిగితే 973 మెగావాట్లు కావాలి. శ్రీశైలం ఎడమగట్టు జలవిద్యుత్ కేంద్రం మొత్తం సామర్థ్యం 900 మెగావాట్లు. అంటే ఒక విద్యుత్ కేంద్రం పూర్తిగా ఉత్పత్తి చేసినా ఈ ఒక్క పంపుహౌస్‌కు చాలదు.

అంత యంత్రాన్ని నిలబెట్టే పని కాంక్రీటు పోయకముందే మొదలవుతుంది. నీటిని పంపులోకి మళ్లించే డ్రాఫ్ట్ ట్యూబ్, దాని చుట్టూ పునాది ప్లేట్లు కాంక్రీటులో కూరుకుపోవాలి. అందుకే తొలి విడతలో ఖాళీలు వదిలి, ఇనుప భాగాలను కొలతకు తెచ్చి, రెండో విడత కాంక్రీటు పోస్తారు. సివిల్ పనిలో సెంటీమీటరు తేడాను సర్దుకోవచ్చు. షాఫ్టు దగ్గర మిల్లీమీటరులో వందో వంతులను లెక్కపెట్టాలి. కాంక్రీటు గట్టిపడ్డాక ప్లేటు పక్కకు జరిగిందని తెలిస్తే ఇక మిగిలేది పగలగొట్టడమో, రాజీపడటమో. రాజీపడిన పంపు తిరుగుతుంది, కానీ వణుకుతూ తిరుగుతుంది. ఆ వణుకు ఏళ్ల తరబడి బేరింగులను, బోల్టులను తింటుంది.

బోల్టు అంటే చిన్నమాట కాదు. 2009 ఆగస్టు 17న రష్యాలోని సయానో-షుషెన్‌స్కాయా జలవిద్యుత్ కేంద్రంలో రెండో యూనిట్ టర్బైను మూతను పట్టి ఉంచే బోల్టులు అలిసిపోయి తెగాయి. యంత్రం పైకి ఎగిసింది, నీరు హాలును ముంచెత్తింది, 75 మంది చనిపోయారు. కేంద్రంలో కరెంటు పోవడంతో నీటిని ఆపే గేట్లను సిబ్బంది పైకి వెళ్లి చేత్తో దించాల్సి వచ్చింది. అత్యవసర గేటుకు, నీరు తోడే పంపుకు, లైట్లకు విడిగా, ముంపు అందని ఎత్తులో కరెంటు ఎందుకు ఉండాలో అంతకంటే చెప్పక్కర్లేదు. మన పంపుహౌస్‌లలో ఈ ఏర్పాటు ట్రయల్ రన్ నాటికి కాదు, మొదటి యంత్రం లోపల దించిన రోజుకే సిద్ధంగా ఉండాలి.

తేమ సంగతీ అంతే. పొలంలో బోరు మోటారు దించే మెకానిక్ కూడా కేబుల్ అతుకు తడవకుండా రబ్బరు టేపు చుట్టి, రెండుసార్లు చూసుకున్నాకే దించుతాడు. కోట్ల విలువైన మోటారు వానాకాలంలో నేలకింద గుహలో నెలల తరబడి ఉంటే దాని వైండింగ్‌లోకి తేమ చేరకుండా హీటర్లు ఆగకుండా వెలగాలి, మెగ్గర్ (ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే పరికరం) రీడింగ్ రోజూ పుస్తకంలో ఎక్కాలి. తాత్కాలిక కరెంటు పోయినప్పుడల్లా హీటర్లూ ఆరిపోతాయి. ఆ కరెంటు ఎవరి బాధ్యత? సివిల్ కాంట్రాక్టరుదా, యంత్రాల కంపెనీదా, శాఖదా? ఒప్పందంలో ఈ ఒక్క వాక్యం స్పష్టంగా లేకపోతే సైటులో రోజూ తగువే.

ఇక కరెంటు పని. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో మంటలు చెలరేగి తొమ్మిది మంది చనిపోయారు. వారిలో ఇద్దరు బ్యాటరీల పని మీద వచ్చిన కంపెనీ ఉద్యోగులు. మిగతావారు కేంద్రాన్ని కాపాడబోయిన ఇంజనీర్లు, సిబ్బంది. అది పాత కేంద్రమే అయినా పాఠం కొత్త సైట్లకు వర్తిస్తుంది. బ్రేకరు తెగి యంత్రాన్ని కాపాడాలంటే దానికి ఆజ్ఞ మోసేది బ్యాటరీల నుంచి వచ్చే డీసీ కరెంటు. నడుస్తున్న యంత్రాల నడుమ కొత్తవి బిగించేటప్పుడు ఏ పనికి ఎవరు ఎల్సీ (లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపి పని చేసే అనుమతి) తీసుకున్నారు, పొగ కమ్మితే ఏ దారిన బయటపడాలి అన్నవి హాలులోని ఆఖరి హెల్పరుకూ తెలిసి ఉండాలి. వెల్డర్లు, రిగ్గర్లు, కేబుల్ లాగేవారు చాలామంది వేరే రాష్ట్రాల నుంచి వస్తారు. తెలుగు బోర్డు వారికి పనికిరాదు. భద్రతా సూచనలు హిందీలోనూ ఒడియాలోనూ చెప్పడం ఖర్చుతో కూడిన పని కూడా కాదు.

వేగం పనికిరాదని వాదించడం తప్పు. పట్టిసీమ ఎత్తిపోతల పథకానికి 2015 మార్చిలో శంకుస్థాపన జరిగింది, 2016 మార్చికల్లా 24 పంపులూ సిద్ధమయ్యాయి. అక్కడ ఒకే రకం పంపులు, ఒక్కోటి 354 క్యూసెక్కులు. ఒకటి బిగించి నేర్చుకున్నది రెండోదానికి పనికొచ్చింది. సిద్ధమైనవి నీళ్లు ఎత్తుతుండగా మిగతావి బిగించుకునే వీలు కలిగింది. వేగం కావాలంటే అది డిజైన్ దశలోనే రావాలి, చివరి రెండు నెలల్లో రాత్రిళ్లు పని చేయించి తెచ్చేది కాదు.

2025 మార్చిలో హనుమకొండ దగ్గరి దేవన్నపేటలో దేవాదుల పథకం మోటారును ప్రారంభించడానికి మంత్రులు వెళ్లారు. అది కదలలేదు. వారు వేచి చూసి వెనుదిరిగారు. లోపం సరిచేశాక కొద్దిరోజులకే నీళ్లు పైకెక్కాయి. దాన్ని కొందరు నవ్వులాట చేశారు. నిజానికి అలా వెనుదిరగడంలో అవమానమేమీ లేదు. యంత్రం సిద్ధంగా లేదని చెప్పగలిగే ఇంజనీరు, ఆ మాట విని ఆగగలిగే నాయకుడు, ఇద్దరూ కావాలి. కానీ ఆ మాట మంత్రుల కాన్వాయ్ బయలుదేరకముందే చెప్పగల హక్కు ఇంజనీరుకు ఉండాలి.

నీటిపారుదల శాఖలో అత్యధికులు సివిల్ ఇంజనీర్లు. వారి ప్రతిభను ఎవరూ శంకించనక్కర్లేదు. అయితే పంపుహౌస్‌ల మీద ఇంత డబ్బు పెట్టిన రాష్ట్రంలో మెకానికల్, ఎలక్ట్రికల్ ఇంజనీర్లకు శాశ్వత విభాగం, పదోన్నతులు, నిర్ణయాల్లో చోటు ఉండి తీరాలి. రేపు యంత్రాన్ని నడిపే సిబ్బందిని దాన్ని బిగించే రోజుల్లోనే సైటుకు పంపాలి. ఏ గొట్టం ఎక్కడుందో, ఏ కేబుల్ ఎటు పోయిందో కళ్లతో చూసినవారే అర్ధరాత్రి అలారం మోగితే సరైన వాల్వు దగ్గరికి పరుగెత్తగలరు.

పాలమూరు-రంగారెడ్డి తొలి పంపుహౌస్ నార్లాపూర్‌లో 2023 సెప్టెంబరు 16న 145 మెగావాట్ల మోటారు ఒకటి తిప్పి ప్రారంభోత్సవం చేశారు. ఆ పథకంలో బిగించాల్సినవి ఇంకా ఎన్నో ఉన్నాయి. వాటిలో ఏ మోటారుకైనా తేదీ ప్రకటించే ముందు ప్రభుత్వం మూడు కాగితాలు ప్రజల ముందు పెట్టాలి: వరద లోపలికి వచ్చే దారులన్నీ మూశామన్న తనిఖీ నివేదిక, రక్షణ వ్యవస్థ పరీక్షల రికార్డు, బిగింపు ఇంజనీరు సంతకం. మూడో కాగితం లేకుండా ఏ మంత్రీ స్విచ్ నొక్కకూడదని ఉత్తర్వు ఇవ్వాలి.